ఎక్కువ జీతం వదులుకుని నిమ్మళమైన ఉద్యోగంలోకి మారడం ఎలా?

హైదరాబాద్‌లో మంచి జీతం తెచ్చుకుంటూ కూడా "ఇంక నా వల్ల కాదు, హన్మకొండలో సగం జీతమొచ్చినా చాలు" అనుకునేవాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్లే కాదు. మందుల కంపెనీల రిప్రజెంటేటివ్‌లు, ఫైనాన్స్ కంపెనీల్లో, ప్రైవేటు బ్యాంకుల్లో టార్గెట్ల మీద పనిచేసేవాళ్లు, కార్పొరేట్ కాలేజీల లెక్చరర్లు కూడా. నేను ఒక ఫైనాన్స్ కంపెనీలో టార్గెట్ల ఉద్యోగం వదిలి, తక్కువ జీతానికి ప్రభుత్వ బ్యాంకులో క్లర్కుగా హన్మకొండకు వచ్చాను. ఇప్పుడు కౌంటర్ దగ్గర కూర్చుంటే, ఇలా మారి హాయిగా ఉన్నవాళ్లూ కనిపిస్తారు, మారిన ఏడాదికే బంగారం తాకట్టు పెట్టడానికి వచ్చినవాళ్లూ కనిపిస్తారు. నేను చూసినంతవరకు ఇద్దరికీ తేడా ఒక్కచోటే వస్తోంది. మొదటివాళ్లు మారకముందే తక్కువ జీతంతో ఇల్లు నడిపి చూసుకున్నారు. అది ఎలాగో, దానికి ముందూ వెనకా ఏమేం చేసుకోవాలో వరసగా చెప్తాను.

ముందు, బాధ ఎక్కడుందో పట్టుకోండి

రెండు మూడు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ఏ రోజు ఏ గంటలో ఏ విషయానికి టెన్షన్ పడ్డారో రాయండి. పని వల్లనా, మేనేజర్ వల్లనా, ప్రయాణం వల్లనా, ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందోనన్న భయం వల్లనా? రాసింది తిరిగి చదివితే ఒకటో రెండో పదే పదే కనిపిస్తాయి. మేనేజరే కారణమైతే టీమ్ మారితే సరిపోవచ్చు. ఊరికి దూరమే కారణమైతే అదే కంపెనీలో ఇంటి నుంచి పని అడగొచ్చు, మడికొండ ఐటీ పార్కులో ఖాళీలు ఉన్నాయేమో చూడొచ్చు. ఇవేవీ సగం జీతం వదులుకోవాల్సిన సంగతులు కావు. నిద్ర పట్టకపోవడం, బీపీ పెరగడం దాకా వస్తే ఉద్యోగం మారేదాకా ఆగకుండా డాక్టర్‌ని కలవండి.

పని స్వభావమే మీకు పడట్లేదు, వయసు పెరిగేకొద్దీ ఇది నిలవదు అని తేలితే ముందుకు సాగండి.

నిలకడ వేరు, నిమ్మళం వేరు

ఈ రెంటినీ ఒకటే అనుకుని దెబ్బతినేవాళ్లు ఎక్కువ. ఉద్యోగం ఊడదు అన్నది నిలకడ. రాత్రి ఫోన్ మోగదు, ఆదివారం మనది అన్నది నిమ్మళం. కొన్ని ఉద్యోగాల్లో ఒకటి ఉంటే రెండోది ఉండదు.

గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి వైపు సింగరేణి ఉద్యోగమంటే నిలకడకు మారుపేరు. కానీ భూగర్భ గనిలో షిఫ్టుల పని ఒంటికి ఎంత కష్టమో ఆ ఇళ్లల్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పోలీసు ఉద్యోగం ఊడదు. మేడారం జాతరకో ఎన్నికలకో డ్యూటీ పడితే ఇంటికి ఎప్పుడొస్తారో తెలియదు. కరెంటు లైన్‌మన్ ఉద్యోగం ఎన్‌పీడీసీఎల్ (మన వైపు కరెంటు సంస్థ) రోల్స్ మీద ఉంటే నిలకడే, గాలివాన రాత్రి మాత్రం స్తంభం దగ్గరే. గురుకులం టీచర్ జీతం బాగుంటుంది, కానీ రాత్రి డ్యూటీలుంటాయి, పిల్లల్లో ఎవరికైనా జ్వరమొస్తే బాధ్యత మీదే. పంచాయతీ కార్యదర్శి పొద్దున పారిశుద్ధ్యంతో మొదలుపెట్టి సాయంత్రం ఇంటి పన్నుల వసూలు దాకా ఊరందరికీ జవాబు చెప్పాలి.

ఇంకోవైపు, చూడటానికి ప్రశాంతంగా కనిపించే ప్రైవేటు జూనియర్ కాలేజీ ఉద్యోగాన్ని తీసుకోండి. క్లాసులు నాలుగింటికి అయిపోతాయి నిజమే. ఎండాకాలం వచ్చేసరికి అడ్మిషన్ల కోసం లెక్చరర్లను ఊళ్ల మీదికి పంపుతారు. ఒక్కొక్కరు ఇంతమందిని చేర్పించాలని లెక్క పెడతారు. అంటే టార్గెట్ నుంచి పారిపోయి వచ్చి మళ్లీ టార్గెట్‌లోనే పడతారు.

మా బ్యాంకు సంగతీ దాచను. రైతు భరోసా డబ్బులు పడ్డ రోజు, పింఛన్లు వచ్చే రోజుల్లో నీళ్లు తాగే తీరిక ఉండదు. ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మమని పైనుంచి చెప్తూనే ఉంటారు. కానీ సాయంత్రం క్యాష్ టాలీ అయ్యాక డ్రాయర్‌కు తాళం వేస్తే ఆ రోజు పని అక్కడితో అయిపోయినట్టే. నాకు కావాల్సింది అదే కాబట్టి నాకు సరిపోయింది. మీకు ఏది కావాలో మీరు ముందే తేల్చుకోండి. ఏ ఉద్యోగం మీద కన్నేశారో ఆ ఉద్యోగం చేస్తున్నవాళ్లని ఇద్దరినైనా కలవండి. "ఎలా ఉంది?" అని అడిగితే "పర్వాలేదు" అంటారు. "నిన్న ఎన్ని గంటలకు ఇంటికి పోయారు? పోయిన ఆదివారం ఆఫీసు ఫోన్ వచ్చిందా? జీతం ఏ తారీఖున పడింది?" అని అడగండి. అసలు సంగతి అప్పుడు బయటికొస్తుంది.

జీతం చీటీ ముందు పెట్టుకుని లెక్క వేయండి

సీటీసీలను (కంపెనీ ఏడాదికి మీ మీద పెట్టే మొత్తం ఖర్చును) పోల్చకండి. చేతికొచ్చే డబ్బును పోల్చండి. ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో మీ జీతం ఏడాదికి 18 లక్షలు, హన్మకొండలో దొరికేది 9 లక్షలు అనుకుందాం. సగానికి సగం పోయిందని గుండె జారుతుంది. ఇప్పుడు పన్ను చూడండి. 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త పన్ను విధానంలో 18 లక్షల నుంచి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 17.25 లక్షలు. దాని మీద స్లాబుల ప్రకారం 1,45,000 పన్ను, 4 శాతం సెస్ కలిపితే 1,50,800. అదే 9 లక్షల జీతానికి పన్ను సున్నా, ఎందుకంటే జీతగాళ్లకు 12.75 లక్షల దాకా కట్టాల్సింది ఏమీ లేదు. కాబట్టి ఏడాదికి నిజంగా తగ్గేది 9 లక్షలు కాదు, దాదాపు ఏడున్నర లక్షలు. నెలకు 62,000 పైచిలుకు. పీఎఫ్ లాంటి కోతలు రెండుచోట్లా ఉంటాయి కాబట్టి వాటిని మీ మీ చీటీలు చూసి సర్దుకోండి.

ఇక తగ్గే ఆ 62,000లో ఎంత ఎక్కడెక్కడ మిగులుతుందో చూడాలి. హైదరాబాద్ ఇంటి అద్దె, మెయింటెనెన్స్, ఆఫీసు రాకపోకలు, వంట చేసే ఓపిక లేక తెప్పించుకునే తిండి, నెలకు రెండుసార్లు ఊరికి రావడం, పిల్లల స్కూలు ఫీజులో తేడా. హన్మకొండలోనో కాజీపేటలోనో సొంతిల్లు ఉంటే అద్దె మొత్తం మిగులుతుంది. ఊళ్లో పొలముంటే బియ్యం, పప్పు ఇంటి నుంచే వస్తాయి. వీటన్నిటికీ మీ ఇంటి అంకెలే వేయండి, పక్కింటివాళ్లవి వద్దు.

మిగిలేది రాశారు కదా, కొత్తగా పెరిగేది కూడా రాయండి. దీన్ని చాలామంది మరిచిపోతారు. ఊరికి దగ్గరికొస్తే పెళ్లిళ్లు, పురుళ్లు, గృహప్రవేశాలు, దశదిన కర్మలు అన్నిటికీ మనిషి వెళ్లాలి. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఫోన్‌పే చేస్తే ఊరుకున్నవాళ్లు ఇప్పుడు ఊరుకోరు. చదివింపులు, బట్టలు పెట్టడాలు, బతుకమ్మకు ఆడబిడ్డలను తోలుకురావడాలు, ఎంజీఎం ఆసుపత్రిలో చుట్టాలెవరైనా చేరితే టిఫిన్ బాక్సు నుంచి మందుల దాకా మీ ఇంటి నుంచే వెళ్తుంది. నాకైతే ఇదంతా ఇష్టమే. మనుషుల మధ్య ఉండాలనే కదా వచ్చింది. కానీ దానికి నెలకు ఇంత అని బడ్జెట్‌లో ఒక లైను ఉండాల్సిందే.

అన్నీ వేశాక కూడా నెలకు ఎంతో కొంత నిజంగానే నష్టం తేలుతుంది. 20,000 కావచ్చు, 30,000 కావచ్చు. ఆ అంకెను పెద్దగా రాసి గోడకు అంటించండి. మీరు కొనుక్కోబోయే ప్రశాంతత ధర అదే. అంత పెట్టడానికి మీరూ మీ ఇంట్లోవాళ్లూ సిద్ధమా అన్నదే ఇప్పుడు ప్రశ్న.

ఇంకొక్క సంగతి. ఈ తేడా ఏటేటా పెరుగుతుంది. ప్రైవేటులో పనితీరు బాగుంటే పెద్ద హైకులు వస్తాయి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగంలో ఏటా ఇంక్రిమెంటు, అప్పుడప్పుడు డీఏ (కరువు భత్యం), ఐదేళ్లకోసారి పీఆర్సీ (జీతాల సవరణ). అదీ టైముకు రాదు. 2018 జులై నుంచి అమలు కావాల్సిన పీఆర్సీ, 30 శాతం ఫిట్‌మెంట్‌తో (మూల వేతనం మీద పెంపుతో) ఉద్యోగుల చేతికి డబ్బుగా రావడం 2021 ఏప్రిల్ జీతం నుంచి మొదలైంది. ఆ పీఆర్సీలో జూనియర్ అసిస్టెంట్ మూల వేతనం 24,280తో, ఎస్జీటీ (ప్రాథమిక పాఠశాల) టీచర్‌ది 31,040తో, ప్రభుత్వ జూనియర్ లెక్చరర్‌ది 54,220తో మొదలవుతుంది. 2024లో కుదిరిన ఒప్పందం ప్రకారం బ్యాంకు క్లర్కు బేసిక్ 24,050, ప్రొబేషనరీ ఆఫీసర్‌ది 48,480. వీటి మీద డీఏ, ఇంటి అద్దె అలవెన్సు కలుస్తాయి. పింఛను కూడా పాత రోజుల్లోలా ఉంటుందనుకోకండి. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన రాష్ట్ర ఉద్యోగులకు సీపీఎస్సే (ఇద్దరూ వాటా కట్టే పింఛను పథకం): మీ బేసిక్, డీఏల మీద 10 శాతం, ప్రభుత్వం వాటా 10 శాతం.

ఆరు నెలలు కొత్త జీతంతో బతికి చూడండి

ఈ మొత్తం పనిలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే.

పాత ఉద్యోగంలో ఉండగానే వేరే బ్యాంకులో ఒక ఖాతా తెరవండి. ఏటీఎం కార్డు తీసుకోకండి, ఫోన్‌పేకు కలపకండి. జీతం పడిన రోజే, రాబోయే జీతానికీ ఇప్పటి జీతానికీ ఉన్న తేడా అంతా ఆ ఖాతాలోకి వెళ్లిపోయేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. మిగిలిన దానితోనే నెల గడవాలి. హైదరాబాద్ అద్దె హన్మకొండలో ఉండదు కదా అంటారేమో. ఆ అద్దె మొత్తాన్ని తేడాలోంచి తీసేసి మిగతాది పక్కన పెట్టండి.

మొదటి నెల ఉత్సాహంతో గడుస్తుంది. రెండో నెల ఇరవయ్యో తారీఖుకు వచ్చేసరికి అసలు పరీక్ష. కారు ఇన్సూరెన్స్ రెన్యువల్ వస్తుంది, పిల్లవాడి స్కూలు టూర్ వస్తుంది, మరదలి పెళ్లి చూపులకు అందరూ బయల్దేరాలంటారు. అప్పుడు ఆ పక్క ఖాతాలో చెయ్యి పెట్టాల్సి వచ్చిందా? పెడితే పెట్టండి. కానీ ఎందుకు పెట్టారో రాయండి. ఆరు నెలల చివర ఆ కాగితం చూస్తే మీ ఇల్లు ఏ ఖర్చు దగ్గర ఆగలేకపోతోందో తెలుస్తుంది. ఆ ఖర్చు తగ్గించే దారి దొరికితే ముందుకు పోవచ్చు. దొరకకపోతే ఇంకా కొంచెం ఎక్కువ జీతం ఇచ్చే చోటు వెతకాలి, లేదా ఇంకో ఏడాది ఆగాలి. ఆగడంలో తప్పేమీ లేదు.

ఆరు నెలలు పూర్తయ్యేసరికి ఆ ఖాతాలో మంచి మొత్తమే ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి. కొత్త చోట మొదటి జీతం ఆలస్యమైనా, మధ్యలో ఏదైనా ఆపద వచ్చినా కాసేది అదే. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐలు కలిపి అందులో ఉండేదాకా రాజీనామా మాట ఎత్తకండి.

ఇంట్లో మాట్లాడటం

భార్యకో భర్తకో ఈ విషయం మొదటి రోజే చెప్పండి. ఆరు నెలల ప్రయోగం ఇద్దరూ కలిసి చేయాల్సింది. వాళ్ల ఉద్యోగం హైదరాబాద్‌లోనే ఉంటే అది ఇంకో లెక్క. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు సీజన్ టికెట్ మీద రోజూ తిరిగేవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ మీ టెన్షన్ తగ్గించుకుని వాళ్ల మీద రోజుకు నాలుగైదు గంటల ప్రయాణం పెట్టడం న్యాయం కాదు.

తల్లిదండ్రుల దగ్గర ఇంకోలా ఉంటుంది. "అంత జీతం ఎవడన్న ఇడిసిపెడ్తడా బిడ్డా? ఊళ్లె ఏమనుకుంటరు?" అని నాయిన అంటాడు. ఆయనకు డిప్రెషన్, బర్నవుట్ అని చెప్తే భయపడతాడు, లేదంటే నమ్మడు. అప్పు ఎంతుంది, ఏ ఈఎంఐ ఎప్పటికి తీరుతుంది, కొత్త జీతంలో నెలకు ఎంత మిగులుతుంది అని ఒక కాగితం మీద రాసి చూపించండి. వ్యవసాయం చేసిన మనిషికి పెట్టుబడి, దిగుబడి లెక్క మనకంటే బాగా అర్థమవుతుంది. పెళ్లి కానివాళ్లైతే సంబంధం మాట్లాడేటప్పుడే కొత్త జీతం ఎంతో చెప్పేయండి. పాత జీతం చెప్పి పెళ్లి చేసుకుని తర్వాత మారడం అవతలి వాళ్లకు అన్యాయం.

అప్పులు, చిట్టీలు, ఇన్సూరెన్స్: పాత జీతం ఉండగానే సర్దుకోవాలి

క్రెడిట్ కార్డు బాకీ, పర్సనల్ లోన్ ముందు తీర్చేయండి. వీటిని మోసుకుంటూ తక్కువ జీతంలోకి దిగకండి.

ఇంటి లోను మిగలొచ్చు. 40 లక్షల అప్పుకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెలకు దాదాపు 34,700 ఈఎంఐ పడుతుంది. మీ దగ్గరున్న బోనస్‌తో 5 లక్షలు కడితే ఈఎంఐ దాదాపు 4,300 తగ్గించుకోవచ్చు. ఇక్కడ ఒక కిటుకుంది. మధ్యలో డబ్బు కడితే బ్యాంకులు మామూలుగా గడువు తగ్గిస్తాయి, ఈఎంఐ అలాగే ఉంచుతాయి. మీకు కావాల్సింది నెలనెలా భారం తగ్గడం కాబట్టి "ఈఎంఐ తగ్గించండి" అని లిఖితపూర్వకంగా అడగండి. మారే వడ్డీ రేటు మీద ఇంటి లోను తీసుకున్నవాళ్ల దగ్గర ముందస్తు చెల్లింపుకు పెనాల్టీ వసూలు చేయకూడదు. కొత్త లోను ఏదైనా తప్పనిసరిగా అవసరముంటే, పాత జీతం మీద ఎక్కువ వస్తుంది కదా అని తీసుకోకండి. కొత్త జీతంతో కట్టగలిగినంతే తీసుకోండి.

చిట్టీల గురించి మన ఓరుగల్లు వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. హన్మకొండలో చిట్టీ లేని ఉద్యోగి ఇల్లు తక్కువ. మీరు ఇప్పటికే పాడుకుని ఎత్తుకున్న చిట్టీ ఉంటే, మిగిలిన వాయిదాలన్నీ అప్పు కిందే రాయండి. ఇంకా ఎత్తనిది ఉంటే దాన్ని చేతిలో ఉన్న సొమ్ము కింద వేసుకోకండి, డబ్బు చేతికొచ్చాకే లెక్క. స్నేహితుల చిట్టీలకు షూరిటీ సంతకాలు పెట్టి ఉంటే వాళ్లు వాయిదాలు సరిగ్గా కడుతున్నారో లేదో ఇప్పుడే కనుక్కోండి. వాళ్లు ఎగ్గొడితే మీ కొత్త జీతం మీదికే వస్తారు.

ఆరోగ్య బీమా రాజీనామాకు ముందే తీసుకోవాలి. కంపెనీ ఇచ్చిన గ్రూప్ ఇన్సూరెన్స్ చాలాచోట్ల చివరి పనిదినంతో ఆగిపోతుంది. సొంతంగా తీసుకున్న పాలసీకి మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప క్లెయిమ్ రాదు. ముందు నుంచీ ఉన్న షుగర్, బీపీ లాంటి వాటికి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. గ్రూప్ పాలసీ నుంచి అదే కంపెనీ సొంత పాలసీకి మారితే గడిచిన కాలం కలిసే వీలుంటుంది, హెచ్‌ఆర్‌ని అడగండి. అమ్మానాన్నలు మీ కంపెనీ పాలసీలో ఉంటే వాళ్ల సంగతి అందరికంటే ముందు చూడండి. ప్రభుత్వ ఉద్యోగంలో హెల్త్ కార్డు వస్తుంది కదా అంటారు. దానికి తోడు ఒక చిన్న పాలసీ ఉంటేనే నిశ్చింత.

ఉద్యోగం వెతకడం: వయసు, లోకల్, ఓపిక

వయసు మొదట చూసుకోండి. ఐబీపీఎస్ (ప్రభుత్వ బ్యాంకుల నియామక పరీక్షల సంస్థ) క్లర్కుకు జనరల్‌లో 28 ఏళ్లు, పీవోకు (ప్రొబేషనరీ ఆఫీసర్‌కు) 30 ఏళ్లు దాటకూడదు. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు ఉంటుంది. గ్రామీణ బ్యాంకు ఉద్యోగాలు మన వైపు వాళ్లకు బాగా నప్పుతాయి. వరంగల్ కేంద్రంగా నడిచిన ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ఇప్పుడు రాష్ట్రమంతటికీ అదొక్కటే గ్రామీణ బ్యాంకు కాబట్టి బదిలీ పరిధి కూడా పెద్దది. బ్యాంకు వయసు దాటినవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ పోస్టుల్లో వయోపరిమితి ఎక్కువ, నలభై దాటినా అవకాశం ఉంటుంది. నోటిఫికేషన్‌లో చూసుకోండి.

రెండోది లోకల్. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఈ పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడి లోకల్. మీ ఆధార్‌లో ఏ చిరునామా ఉందన్నది లెక్కలోకి రాదు. పాత వరంగల్ జిల్లా ఇప్పుడు ముక్కలైంది కాబట్టి జాగ్రత్తగా చూడండి. నర్సంపేటలో చదివితే వరంగల్ జిల్లా, స్టేషన్ ఘన్‌పూర్‌లో చదివితే జనగామ, ఏటూరునాగారంలో చదివితే ములుగు. జోన్లు కూడా వేరు. హన్మకొండ, వరంగల్, మహబూబాబాద్ భద్రాద్రి జోన్‌లో ఉంటే, జనగామ యాదాద్రి జోన్‌లో, ములుగు, భూపాలపల్లి కాళేశ్వరం జోన్‌లో ఉన్నాయి. చిన్నప్పుడు నాన్న ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో చదివిన పిల్లలు హన్మకొండలో సొంతిల్లు ఉన్నా ఇక్కడ నాన్‌లోకలే. స్కూళ్ల నుంచి బోనఫైడ్లు (అక్కడ చదివినట్టు సర్టిఫికెట్లు) ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి, ప్రైవేటు స్కూలు మూతపడితే ఆ కాగితం కోసం నానా తిరుగుడు తిరగాలి. మీ పిల్లలు ప్రైమరీ తరగతుల్లో ఉంటే, మీరు ఎప్పుడు ఊరు మారతారన్న దాన్ని బట్టి రేపు వాళ్లు ఎక్కడి లోకల్ అవుతారన్నది కూడా తేలుతుంది.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది: ప్రిపరేషన్ కోసం ఉద్యోగం మానేయకండి. 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది, పరీక్ష వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబరులో జరిగింది. 2022లో 503 పోస్టులతో వచ్చిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. హన్మకొండలోని నయీంనగర్, కిషన్‌పుర రూముల్లో జీతం లేకుండా ఆ రెండేళ్లు గడిపిన పిల్లల బాధ చూశాను. మీకు ఈఎంఐలు, స్కూలు ఫీజులు ఉంటే ఆ రిస్కు అసలు వద్దు. పొద్దున రెండు గంటలు, శని ఆదివారాలు చదవండి. పరీక్షకు నెల ముందు దాచుకున్న సెలవులు వాడండి. ఇంటర్వ్యూ, సర్టిఫికెట్ వెరిఫికేషన్ అయి ఆర్డర్ చేతికొచ్చేదాకా పాత కుర్చీ వదలొద్దు.

ఆర్డర్ కాగితం చదవండి, ఆఫీసు బోర్డు కాదు

కలెక్టరేట్‌లో ఉద్యోగం, యూనివర్సిటీలో ఉద్యోగం, ఆసుపత్రిలో ఉద్యోగం అనగానే గవర్నమెంటు అని సంబరపడతాం. ఒక ఆర్డర్ చేతికిస్తారు. పైన ప్రభుత్వ ఆఫీసు పేరు పెద్దగా ఉంటుంది. కొంచెం కిందికి చదివితే "ఏజెన్సీ ద్వారా", "ఔట్‌సోర్సింగ్ పద్ధతిన", "ఒక సంవత్సర కాలానికి", "ఎలాంటి నోటీసు లేకుండా తొలగించవచ్చు" అన్న మాటలు కనిపిస్తాయి. ఏజెన్సీ, ఔట్‌సోర్సింగ్ అన్న మాటలున్నాయంటే మీ యజమాని ప్రభుత్వం కాదు, ఏజెన్సీ. బడ్జెట్ రాకపోతే జీతం నెలల తరబడి ఆగుతుంది, ఏజెన్సీ మారితే మీ పేరు జాబితాలో ఉంటుందో లేదో తెలియదు. అలాంటి జీతం కోసం ఎదురుచూసేవాళ్లు పాస్‌బుక్ ప్రింట్ వేయించుకోవడానికి మా కౌంటర్‌కు మూడు నాలుగు రోజులకోసారి వస్తుంటారు. ఆ ముఖాలు చూసినవాళ్లెవరూ దాన్ని సెక్యూర్డ్ ఉద్యోగం అనరు.

కాబట్టి చేరకముందు ఇవి తేల్చుకోండి: జీతం ఎవరి ఖాతా నుంచి పడుతుంది? పోస్టు మంజూరైందేనా, స్కేలు ఉందా? ప్రొబేషన్ ఎంతకాలం? పీఎఫ్ కడతారా, కడితే ఎంత బేసిక్ మీద? పోయిన ఏడాది జీతాలు ఏ తారీఖుల్లో పడ్డాయో అక్కడ పనిచేసేవాళ్ల పాస్‌బుక్‌లో చూస్తే ఇంకా మంచిది. ప్రైవేటు సంస్థ అయినా సరే, ఏళ్ల తరబడి ఒకటో తారీఖునే జీతం వేస్తున్న చోటు, ఏజెన్సీ మీద నడిచే ప్రభుత్వ ఆఫీసు కంటే నిలకడైనదే.

ఇంకో మాట. "రెండు లక్షలిస్తే ఔట్‌సోర్సింగ్‌లో పెట్టిస్తా, తర్వాత పర్మినెంట్ అవుతుంది" అనే మధ్యవర్తులు మన జిల్లాల్లో ఎక్కువే. చుట్టమైనా సరే, ఒక్క రూపాయి ఇవ్వకండి. ఆ డబ్బు తిరిగి రాదు, ఆ ఉద్యోగం నిలవదు.

రాజీనామా ఎప్పుడు, ఎలా

తారీఖు చూసుకుని ఇవ్వండి. వేరియబుల్ పే, బోనస్ చాలా కంపెనీల్లో అది పడే రోజుకు రోల్స్ మీద ఉన్నవాళ్లకే ఇస్తారు, ఖాతాలో పడ్డాకే మెయిల్ పెట్టండి. ఐదేళ్ల సర్వీసుకు దగ్గరగా ఉంటే ఆగండి, గ్రాట్యుటీ వస్తుంది. చివరి బేసిక్‌ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. 50,000 బేసిక్, ఐదేళ్లు అయితే దాదాపు 1,44,000. కొన్ని నెలల తొందరతో ఇంత పోగొట్టుకోవడం ఎందుకు? పిల్లలుంటే జూన్‌లో స్కూళ్లు తెరిచే సమయానికి సరిపోయేలా చూసుకోండి.

నోటీసు పీరియడ్ 90 రోజులుంటే, ప్రభుత్వ ఉద్యోగానికి అంత గడువు ఇవ్వకపోవచ్చు. ఎంపికైనట్టు తెలియగానే చేరే తేదీ పొడిగించమని అక్కడ లెటర్ పెట్టండి, నోటీసు తగ్గించమని ఇక్కడ అడగండి. తప్పకపోతే బయ్ అవుట్ డబ్బు (మిగిలిన నోటీసు రోజుల జీతం) కట్టి బయటపడాలి, దాన్నీ ముందే లెక్కలో వేసుకోండి. ఏం జరిగినా చెప్పకుండా మానేయొద్దు. రిలీవింగ్ లెటర్ లేకపోతే బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలు చేర్చుకునేటప్పుడు ఇబ్బంది పెడతాయి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, ఆఖరి మూడు జీతం చీటీలు, ఫారం 16 అన్నీ సొంత మెయిల్‌కు పంపుకోండి. చివరి రోజు ల్యాప్‌టాప్ ఇచ్చేశాక ఏదీ దొరకదు. పీఎఫ్ ఖాతాలో మీరు మానేసిన తేదీ కంపెనీ నమోదు చేసిందో లేదో రెండు నెలల తర్వాత చూసుకోండి.

చేరాక మొదటి ఏడాది

పాత పీఎఫ్ డబ్బు తీసి స్కూటర్ కొనేయకండి. కొత్త చోట పీఎఫ్ ఉంటే అదే యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) మీద బదిలీ చేయించండి, పాత సర్వీసు కలుస్తుంది. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను కూడా పడుతుంది. పీఎఫ్ పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. అంతకు తక్కువుండి పీఎఫ్ లేని ఉద్యోగంలోకి వెళ్తుంటే ఫారం 10సీ పెట్టి స్కీమ్ సర్టిఫికెట్ (ఇప్పటిదాకా చేసిన సర్వీసుకు రుజువు) తీసుకోవచ్చు. ఆర్థిక సంవత్సరం మధ్యలో మారితే పాత కంపెనీలో వచ్చిన జీతం, కోసిన పన్ను వివరాలు కొత్త ఆఫీసులో ఇవ్వండి. లేకపోతే వాళ్లు తక్కువ జీతమే కదా అని పన్ను కోయరు, రిటర్న్ వేసేటప్పుడు ఒక్కసారే కట్టాల్సి వస్తుంది. నామినీ పేర్లు అన్నిచోట్లా నింపండి.

మొదటి మూడు నాలుగు నెలలు చేతులు ఊరికే ఉన్నట్టు ఉంటుంది. సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఉండటం కొత్తగా అనిపిస్తుంది, పాత కొలీగ్‌లు ప్రమోషన్ల ఫొటోలు పెడుతుంటే మనసు లాగుతుంది. అది మామూలే, అందరికీ జరుగుతుంది. ఆ నెలల్లో పెద్ద నిర్ణయాలేవీ తీసుకోకండి. తేడా పూడ్చుకోవడానికని షేర్లలో ట్రేడింగో, రియల్ ఎస్టేట్ ప్లాట్ల కమీషనో మొదలుపెడితే వదిలి వచ్చిన టెన్షన్ ఇంటికే వస్తుంది. ప్రభుత్వ ఉద్యోగులకైతే పక్క వ్యాపారాల మీద నిబంధనలు కూడా ఉన్నాయి.

ఇక షూరిటీలు. పర్మినెంట్ ఉద్యోగం వచ్చిందని తెలిసిన వారానికే చిట్టీ షూరిటీకి సంతకం పెట్టమని ఎవరో ఒకరు వస్తారు. బాల్య స్నేహితుడే రావచ్చు, మేనబావే రావచ్చు. మీ జీతం చీటీకి ఈ ఊళ్లో ఉన్న విలువ అది. మొదటి ఏడాది ఎవరికీ పెట్టనని ఇంట్లో ఇద్దరూ ముందే అనుకుని, అడిగిన ప్రతి ఒక్కరికీ అదే జవాబు చెప్పండి. ఏడాది తర్వాత పెట్టాల్సి వస్తే, చిట్టీ మొత్తం ఎంత, ఇంకా ఎన్ని వాయిదాలున్నాయి, అతను కట్టకపోతే నెలకు ఎంత మీ మీద పడుతుందో కాగితం మీద రాసుకుని, ఆ డబ్బు మీ జీతంలోంచి కట్టగలిగితేనే సంతకం పెట్టండి.